రెండు దూరపు విమానాశ్రయాల మధ్య ఎంత దూరం, ఎంతసేపు: లెక్క మనమే వేసుకోవడం ఎలా

లండన్ హీత్రో నుంచి టోక్యో హనేడాకి ఎంత దూరం అని అడిగితే జవాబు ఒక్కటే, సుమారు 9,600 కిలోమీటర్లు. ఎంతసేపు పడుతుంది అంటే మాత్రం నేను ఎదురు ప్రశ్న వేస్తాను. గాల్లో ఉండే సమయమా? గేటు నుంచి గేటు దాకానా? లేక టికెట్టు మీద బయల్దేరే టైముకీ దిగే టైముకీ మధ్య కనిపించే తేడానా? ఆఫీసు ట్రావెల్ డెస్కులో కూర్చుని పొద్దస్తమానం ఇవే చూసేదాన్ని కాబట్టి ఈ చాదస్తం నాకు అలవాటైపోయింది. మా దగ్గరికొచ్చే గొడవల్లో చాలావరకు ఈ మూడింటినీ కలగలిపేయడం వల్ల వచ్చినవే.

నెట్‌లో వెతికితే క్షణంలో నంబరు వస్తుంది, నిజమే. కానీ నాలుగు చోట్ల వెతికితే నాలుగు నంబర్లు వస్తాయి. ఒకటి ఊరి నడిబొడ్డు నుంచి కొలుస్తుంది, ఒకటి విమానాశ్రయం నుంచి. ఒకటి ఏ విమానమైనా ఒకే వేగంతో పోతుందనుకుని భాగహారం చేసి గంటలు చెప్పేస్తుంది. వీటిలో దేన్ని నమ్మాలో తెలియాలంటే ఒక్కసారైనా చేత్తో లెక్క వేసి చూడాలి. సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఉన్న ఫోను, ఒక కాగితం చాలు.

ముందు ఏ విమానాశ్రయమో తేల్చుకోండి

ఊరి పేరుతో మొదలుపెట్టకండి, మూడక్షరాల కోడ్‌తో మొదలుపెట్టండి. టోక్యోకి హనేడా, నరిటా అని రెండున్నాయి. వాటి మధ్యే తిన్నగా కొలిస్తే దాదాపు 60 కిలోమీటర్లు. లండన్ పేరు చెప్పుకునేవి ఇంకా ఎక్కువ. కోడ్‌లోనూ ఒక మెలిక ఉంది. ఎల్‌ఓఎన్ అంటే లండన్ ఊరు మొత్తం, ఎల్‌హెచ్‌ఆర్ అంటే హీత్రో మాత్రమే. ఇక ఒకే పేరున్న ఊళ్ల సంగతి సరేసరి. ఎస్‌జేసీ కాలిఫోర్నియాలోని శాన్ హోసే, ఎస్‌జేఓ కోస్టారికాలోని శాన్ హోసే. ఎస్‌వైడీ ఆస్ట్రేలియా సిడ్నీ, వైక్యూవై కెనడాలోని సిడ్నీ. ఆస్ట్రేలియా అనుకుని కెనడా సిడ్నీలో దిగినవాళ్ల కథలు ఒకటికి రెండుసార్లు వార్తల్లో వచ్చాయి.

కోడ్ దొరికాక ఆ విమానాశ్రయం అక్షాంశం, రేఖాంశం రాసుకోండి. భూమధ్యరేఖకు దక్షిణాన ఉంటే అక్షాంశానికి మైనస్, గ్రీనిచ్‌కు పడమర ఉంటే రేఖాంశానికి మైనస్. ఈ మైనస్‌ని తేలిగ్గా తీసుకోకండి. న్యూయార్క్ జేఎఫ్‌కే 40.64, మైనస్ 73.78 దగ్గర ఉంది. మైనస్ ఎగిరిపోయిందంటే మీరు కిర్గిజిస్థాన్‌లో ఓష్ నగరానికి కాస్త తూర్పున తేలతారు. లెక్క మాత్రం ఏమీ తెలియనట్టు చక్కగా ఒక జవాబు ఇచ్చేస్తుంది.

ఇంకో చిన్న జాగ్రత్త. కొన్నిచోట్ల 40 డిగ్రీల 38 నిమిషాలు అని ఉంటుంది. అది 40.38 కాదు. 38ని 60తో భాగిస్తే 0.63, అంటే 40.63. చూడ్డానికి చిన్న తేడాలా ఉన్నా నేల మీద 28 కిలోమీటర్లు.

దూరం లెక్క

భూమి గుండ్రం కాబట్టి రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి కూడా వంపుగానే ఉంటుంది. దాన్నే గ్రేట్ సర్కిల్ దారి అంటారు. దూరం కనుక్కోవడానికి కావలసినవి రెండు అక్షాంశాలు, రేఖాంశాల మధ్య తేడా. అంతే.

హీత్రో 51.47, మైనస్ 0.45. హనేడా 35.55, 139.78. రేఖాంశాల తేడా 140.23. కాలిక్యులేటర్ డిగ్రీల మోడ్‌లో ఉందో లేదో చూసుకోండి. రేడియన్లలో ఉంటే మొత్తం గల్లంతే. ఇప్పుడు రెండు అక్షాంశాల సైన్‌లనూ గుణించండి: 0.7823 × 0.5814, వచ్చేది 0.4548. తర్వాత రెండు అక్షాంశాల కొసైన్‌లనూ గుణించి, దాన్ని మళ్లీ రేఖాంశాల తేడా కొసైన్‌తో గుణించండి: 0.6229 × 0.8136 × మైనస్ 0.7686, వచ్చేది మైనస్ 0.3895. ఈ రెండూ కూడితే 0.0653. దీనికి విలోమ కొసైన్ (కాలిక్యులేటర్‌లో cos⁻¹) నొక్కితే 86.26 డిగ్రీలు. భూమి కేంద్రంలో నిలబడి ఈ రెండు ఊళ్లనూ చూస్తే కనిపించే కోణం అదన్నమాట.

భూమి సగటు వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు. చుట్టుకొలతను 360తో భాగిస్తే ఒక్కో డిగ్రీకి 111.2 కిలోమీటర్లు. 86.26 × 111.2 అంటే సుమారు 9,590. నాటికల్ మైళ్లు కావాలంటే కోణాన్ని 60తో గుణిస్తే సరిపోతుంది. నాటికల్ మైలు పుట్టిందే అక్షాంశంలో ఒక నిమిషం దూరంగా. ఇప్పుడు దాన్ని సరిగ్గా 1.852 కిలోమీటర్లుగా ఖాయం చేశారు.

భూమి ధ్రువాల దగ్గర కాస్త అణిగి ఉంటుంది కాబట్టి కచ్చితమైన పద్ధతిలో కొలిచేవాళ్ల సంఖ్యకూ మన సంఖ్యకూ కొంత తేడా వస్తుంది. అది అర శాతం లోపే. ప్రయాణానికి ఆ తేడా ఏ మూలకూ రాదు. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి: భూమి మీద ఏ రెండు చోట్లు తీసుకున్నా దగ్గరి దారి 20,000 కిలోమీటర్ల పైచిలుకు దాటదు, అది భూమి చుట్టుకొలతలో సగం. మీకు 23,000 వచ్చిందంటే చివరి గుణకారంలో ఎక్కడో తడబడ్డారు.

కాలిక్యులేటర్ వద్దనుకుంటే గ్లోబు, దారం తీసుకోండి. ఫోనులో మ్యాప్ తెరిచి రెండు చుక్కల మధ్య దూరం కొలిచే సదుపాయం వాడినా వచ్చేది ఈ వంపు దారే. చదునుగా ఉన్న మ్యాప్ మీద స్కేలు మాత్రం పెట్టకండి. లండన్ నుంచి లాస్ ఏంజెలిస్‌కి గోడ మ్యాప్ మీద గీత గీస్తే అట్లాంటిక్ మధ్యలోంచి పోతుంది. గ్లోబు మీద దారం లాగితే గ్రీన్‌లాండ్ దక్షిణ కొస మీదుగా వెళ్తుంది. విమానాలు కూడా మామూలుగా అటే వెళ్తాయి. కిటికీలోంచి మంచు కొండలు చూసి దారి తప్పిందేమోనని కంగారు పడేవాళ్లున్నారు.

నాకు బాగా నచ్చిన జత సింగపూర్, జేఎఫ్‌కే. రేఖాంశాలు 104 తూర్పు, 74 పడమర. కలిపితే 178, అంటే భూగోళానికి దాదాపు ఎదురెదురు వైపులు. అలాంటప్పుడు దగ్గరి దారి ఉత్తర ధ్రువం పక్కనుంచే పోవాలి. అందుకే ఇక్కడ సైన్‌లు, కొసైన్‌లు అక్కర్లేదు. 180లోంచి రెండు అక్షాంశాలనూ, అంటే 1.36, 40.64 తీసేస్తే 138 డిగ్రీలు. 111.2తో గుణిస్తే సుమారు 15,350 కిలోమీటర్లు. నోటి లెక్కతోనే అయిపోయింది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2020 నవంబరులో మొదలుపెట్టిన ఈ ప్రయాణం ఆగకుండా దాదాపు పద్దెనిమిదిన్నర నుంచి పందొమ్మిది గంటలు సాగుతుంది. తమాషా ఏమిటంటే, దగ్గరి దారి ధ్రువం పక్కనుంచి ఉన్నా న్యూయార్క్ వెళ్లే విమానం ఎక్కువగా పసిఫిక్ మీదుగా, గాలిని వెంటబెట్టుకుని వెళ్తుంది. ఎందుకో కింద చెబుతాను.

దూరాన్ని గంటలుగా మార్చడం

బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 లాంటి దూరప్రయాణపు విమానాలు శబ్దవేగంలో సుమారు 0.85 వంతు వేగంతో పోతాయి. పదకొండు కిలోమీటర్ల ఎత్తులో గాలి మైనస్ 56 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంత చల్లటి గాలిలో శబ్దవేగం గంటకు సుమారు 1,060 కిలోమీటర్లే. అందులో 0.85 వంతు అంటే 900. ఏ320, 737 లాంటి చిన్నవి 0.78 దగ్గర, అంటే 830 చుట్టూ ఉంటాయి.

అలాగని 9,590ని 900తో భాగించి పదిన్నర గంటలు అని చెప్పేయకండి. విమానం గ్రేట్ సర్కిల్ గీత మీద అచ్చంగా పోదు. బయల్దేరేటప్పుడు రన్‌వే ఎటు ఉంటే అటు లేచి తిరగాలి, దిగేటప్పుడు వరసలో నిలబడాలి, మధ్యలో ఖాయమైన ఆకాశమార్గాలు ఉంటాయి. నేను దూరానికి 4 శాతం కలుపుతాను, 900తో భాగిస్తాను, విమానం పైకెక్కడానికీ కిందికి దిగడానికీ పోయే నిదానానికి నలభై నిమిషాలు చేరుస్తాను. ఇది నా మోటు సూత్రం, ఏ పుస్తకంలోదీ కాదు. హీత్రో నుంచి హనేడాకి 9,590కి 4 శాతం కలిపితే 9,970. భాగిస్తే 11 గంటల 5 నిమిషాలు. నలభై కలిపితే 11.45. 2022కి ముందు ఆ మార్గంలో టైమ్‌టేబుల్ చూసినవాళ్లకి ఈ అంకె కొత్తగా అనిపించదు.

ఇప్పుడు చూస్తే మాత్రం పద్నాలుగు గంటల దగ్గర ఉంటుంది. సూత్రం తప్పలేదు, దారి మారింది. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక యూరప్, బ్రిటన్ విమానాలకు రష్యా ఆకాశం మూసుకుపోయింది. జపాన్ కంపెనీలు కూడా అటు వెళ్లడం మానేశాయి. లండన్–టోక్యో గ్రేట్ సర్కిల్ దారిలో చాలా భాగం రష్యా మీదుగానే. ఇంకా ఘోరం హెల్సింకీది. అక్కడి నుంచి నరిటాకి 7,830 కిలోమీటర్లే, ఒకప్పుడు తొమ్మిదిన్నర గంటల ప్రయాణం. ఫిన్‌లాండ్ విమానాలు ఇప్పుడు ఉత్తర ధ్రువం చుట్టి అయినా పోవాలి, దక్షిణాన మధ్య ఆసియా మీదుగా అయినా పోవాలి. పదమూడు గంటల చుట్టూ పడుతుంది. కాబట్టి దారం లాగినప్పుడు అది ఏయే దేశాల మీదుగా పోతోందో కూడా చూసుకోండి. దారి మీద మూసిన ఆకాశం ఉంటే దారాన్ని దాని అంచు చుట్టూ తిప్పి మళ్లీ కొలవండి. ఆ కొత్త పొడవుతో పై సూత్రం బాగానే పనిచేస్తుంది.

యుద్ధాలే కాదు, టిబెట్ పీఠభూమి కూడా ఒక అడ్డే. క్యాబిన్‌లో గాలి పీడనం పోతే విమానం వెంటనే మూడు కిలోమీటర్ల ఎత్తుకు దిగాలి. అక్కడ నేలే అంతకంటే ఎత్తులో ఉంది. దక్షిణ సముద్రాల మీద ఇంకో రకం ఇబ్బంది. రెండింజన్ల విమానం ఒక ఇంజన్‌తో నిర్ణీత సమయంలో చేరగల విమానాశ్రయం ఏదో ఒకటి ఎప్పుడూ అందుబాటులో ఉండాలని నియమం. అంటార్కిటికా దగ్గర అలాంటివి ఎన్ని ఉంటాయి?

గాలి, అసలు కథ ఇక్కడే

మా ఆఫీసులో ఒక పెద్దాయన టోక్యో నుంచి లాస్ ఏంజెలిస్‌కి వెళ్లొచ్చి నా బల్ల ముందు నిలబడ్డారు. "ఏమ్మా, పోయేటప్పుడు పది గంటలు, వచ్చేటప్పుడు పన్నెండు. వచ్చేటప్పుడు చుట్టు తిప్పారా ఏంటి?" అన్నారు. దారి కొంచెం అటూ ఇటూ మారే మాట నిజమే కానీ అసలు కారణం గాలి.

తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు ఇరుకైన పాయలుగా బలమైన గాలులు వీస్తుంటాయి. అవే జెట్ స్ట్రీమ్‌లు. సరిగ్గా విమానాలు తిరిగే ఎత్తు అది. 1920లలో జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వాసబురో ఓయిషి బెలూన్లు ఎగరేసి వీటిని కొలిచాడు. ఆ ఫలితాలను 1926లో, అందరికీ అర్థమవుతుందన్న ఆశతో ఎస్పెరాంటో అనే కల్పిత అంతర్జాతీయ భాషలో అచ్చు వేయించాడు. పాపం, చదివినవాళ్లు తక్కువ. ఉత్తరార్ధగోళంలో చలికాలంలో ఈ గాలులు బాగా బలపడతాయి, వేసవిలో నెమ్మదించి ఉత్తరానికి జరుగుతాయి.

ఆ పెద్దాయన లెక్కనే తీసుకుందాం. హనేడా నుంచి లాస్ ఏంజెలిస్ 8,810 కిలోమీటర్లు. మన సూత్రం ప్రకారం గాలి లేకపోతే 10 గంటల 50 నిమిషాలు. తూర్పుకు పోతే గాలి వెనక నుంచి నెట్టి పది గంటల దగ్గరికి తెస్తుంది, పడమరకు వస్తే ఎదురొడ్డి పన్నెండు దాకా లాగుతుంది. సిడ్నీ, జొహానెస్‌బర్గ్ మధ్య తేడా ఇంకా ఎక్కువ. సుమారు 11,000 కిలోమీటర్లు. సిడ్నీ నుంచి పోయేటప్పుడు పద్నాలుగు గంటలు, తిరుగు ప్రయాణంలో పన్నెండు కంటే కాస్త తక్కువ.

చాలామంది పోయేటప్పుడు పోగొట్టుకున్నది వచ్చేటప్పుడు తిరిగొస్తుంది కదా, చెల్లుకు చెల్లు అనుకుంటారు. చెల్లదు. 9,000 కిలోమీటర్లు, వేగం 900, గాలి 100 అనుకోండి. వెనకగాలితో 1,000 వేగంతో తొమ్మిది గంటలు. ఒక గంట మిగిలింది. ఎదురుగాలిలో 800 వేగంతో పదకొండుంబావు, గంటంబావు పోయింది. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి ఎప్పుడూ నష్టమే ఎక్కువ.

అందుకే తూర్పు పడమర ప్రయాణమైతే నేను సూత్రంతో వచ్చిన గంటలకు తూర్పువైపు ఓ ఎనిమిది శాతం తగ్గించి, పడమరవైపు పది శాతం పెంచి చెబుతాను. చలికాలమైతే ఇంకొంచెం ఎక్కువ. ఉత్తర దక్షిణ ప్రయాణాలకి, భూమధ్యరేఖ దగ్గరి మార్గాలకి దీన్ని వాడకండి. అక్కడ రెండువైపులా దాదాపు సమానంగానే ఉంటుంది.

గాలి తోడైతే ఏమవుతుందో 2020 ఫిబ్రవరి 9న తేలింది. సియారా తుపాను రోజుల్లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి జేఎఫ్‌కే నుంచి హీత్రోకి 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది. 5,540 కిలోమీటర్లు, అంటే నేల లెక్కన సగటున గంటకు 1,120. ఏకంగా శబ్దవేగాన్ని దాటేసిందా? లేదు. విమానం గాలిలో తన మామూలు వేగంతోనే ఉంది, గాలే దాన్ని మోసుకొచ్చింది. సీటు ముందు తెర మీద మ్యాప్ వచ్చినప్పుడు గ్రౌండ్ స్పీడ్ అని కనిపించే సంఖ్య ఇదే. అదే తెర మీద వెనకగాలి ఎంతో కూడా చాలా విమానాల్లో చూపిస్తారు. ఆ రెండూ తీసివేసి చూడండి, మళ్లీ 900 దగ్గరికే వస్తుంది.

టికెట్టు మీదున్న వ్యవధి

విమానయాన సంస్థలు చెప్పే సమయం గేటు వదిలినప్పటి నుంచి గేటు చేరేదాకా. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా పాకడం, టేకాఫ్ వరస, దిగాక గేటు దాకా పాకడం, అన్నీ ఇందులోనే. ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్ విమానాశ్రయంలో పోల్డర్‌బాన్ అనే రన్‌వే మీద దిగితే టెర్మినల్ చేరడానికే పది నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. దిగాం కదా అని బెల్టు విప్పి కూర్చున్నవాళ్లకి అదో చిన్న బస్సు ప్రయాణం. ఆలస్యాలకి చోటు ఉంచుకుని వ్యవధిని కాస్త వదులుగా వేయడం కూడా మామూలే. "ముందే వచ్చేశాం" అని పైలట్ చెప్పే మాటలో కొంత ఈ వదులుదే.

కచ్చితంగా తెలియాలంటే ఫ్లైట్‌రాడార్24, ఫ్లైట్‌అవేర్ లాంటి విమానాల జాడ చూపే సైట్లలో ఆ విమానం నంబరు కొట్టి గతంలో నిజంగా ఎంతసేపు పట్టిందో చూడండి. ఒక్క రోజు చూసి నిర్ణయించుకోవద్దు, కొన్ని రోజులవి వరసగా చూసి మధ్యస్థంగా ఉన్నది తీసుకోండి. జనవరి ప్రయాణానికి జులై రికార్డులు చూస్తే గాలి మారిపోయి ఉంటుంది.

గడియారం తిరకాసు

ఇక్కడ తప్పు జరిగితే విమానమే తప్పిపోతుంది. పద్ధతి చాలా సులువు: ఏ లెక్కయినా ముందు యూటీసీలోకి, అంటే ప్రపంచమంతటికీ ప్రమాణంగా పెట్టుకున్న సమయంలోకి, తెచ్చి చేయండి. రెండు ఊళ్ల స్థానిక సమయాలను నేరుగా తీసివేయకండి.

చలికాలంలో లండన్ యూటీసీతో సమానం, టోక్యో దానికి 9 గంటలు ముందు. హీత్రోలో ఉదయం 11.30కి బయల్దేరి 13 గంటల 50 నిమిషాలు ప్రయాణిస్తే యూటీసీలో మర్నాడు 1.20. దానికి 9 కలిపితే టోక్యోలో ఉదయం 10.20. టికెట్టు మీద చూస్తే 22 గంటల 50 నిమిషాల తేడా కనిపిస్తుంది. ఇంత సేపా అని గుండె జారిపోనక్కర్లేదు. అటు నుంచి ఉదయం 9కి బయల్దేరి మధ్యాహ్నం 2.30కి లండన్‌లో దిగారంటే కాగితం మీద అయిదున్నర గంటలే. వెనక్కి లెక్క వేస్తే, టోక్యో 9 అంటే యూటీసీలో 0 గంటలు, లండన్ 14.30 అంటే 14.30. అసలు ప్రయాణం పద్నాలుగున్నర గంటలు.

ఇప్పుడు రాసుకున్న 9 గంటల తేడా ఏడాదంతా ఉండదు. బ్రిటన్, యూరప్‌లో మార్చి చివరి ఆదివారం గడియారం ముందుకు జరిపి, అక్టోబరు చివరి ఆదివారం వెనక్కి తెస్తారు. అమెరికాలో చాలా చోట్ల మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం. జపాన్‌లో అసలు జరపరు. అందువల్ల లండన్, న్యూయార్క్ మధ్య ఎప్పుడూ ఉండే 5 గంటల తేడా మార్చిలో కొన్ని వారాలు, శరదృతువులో ఒక వారం 4 అవుతుంది. సిడ్నీ, లాస్ ఏంజెలిస్ మధ్య అయితే కాలాన్ని బట్టి 17, 18, 19 గంటలు. అన్ని దేశాలూ నిండు గంటలే వాడవు కూడా. యూటీసీకి భారత్ 5.30 గంటలు ముందు, నేపాల్ 5.45, న్యూజిలాండ్‌కి చెందిన చాతమ్ దీవులు 12.45. నిమిషాలు మరిచిపోతే అంతే సంగతులు.

అంతర్జాతీయ దినరేఖ దాటితే బయల్దేరక ముందే దిగినట్టు ఉంటుంది. జులైలో సిడ్నీలో పొద్దున 10కి ఎక్కి పదమూడున్నర గంటలు ప్రయాణించారనుకోండి. సిడ్నీలో రాత్రి 11.30. అందులోంచి 17 గంటలు తీస్తే లాస్ ఏంజెలిస్‌లో అదే రోజు ఉదయం 6.30. నాకు ఇంకా సరదాగా అనిపించేది సమోవా. ఆ దేశం 2011లో డిసెంబరు 30వ తేదీనే క్యాలెండర్లోంచి ఎత్తేసి దినరేఖకు అవతలికి మారిపోయింది. పక్కనే ఉన్న అమెరికన్ సమోవా మారలేదు. ఇప్పుడు రెండింటి గడియారాల్లో ముళ్లు ఒకేచోట ఉంటాయి, తేదీలు మాత్రం ఒక రోజు తేడా. సమోవాలోని అపియా నుంచి అమెరికన్ సమోవాలోని పాగో పాగోకి అరగంట పైచిలుకు ఎగిరితే నిన్నటి రోజున దిగుతారు.

టికెట్టు మీద దిగే సమయం పక్కన చిన్నగా ప్లస్ 1 అని ఉంటే మర్నాడు అని అర్థం. పెద్ద అక్షరాల్లో వేస్తే వాళ్ల సొమ్మేం పోయేదో. అయితే నాకు నిజంగా టెన్షన్ పెట్టేది దిగే తేదీ కాదు, ఎక్కే తేదీ. 15వ తేదీ 00.15కి విమానం అంటే 14 రాత్రే విమానాశ్రయంలో ఉండాలి. "పదిహేనో తేదీ కదమ్మా, రాత్రికి వెళ్తాను" అని హాయిగా పడుకునేవాళ్లుంటారు. అలాంటి టికెట్టు ఇచ్చేటప్పుడు నేను పైన ఎర్ర పెన్నుతో "14 రాత్రి" అని రాసి ఇస్తాను.

మధ్యలో ఆగాల్సి వస్తే

ఒక్కో ముక్క దూరం విడిగా లెక్కేసి కలిపి, తిన్నని దూరంతో పోల్చండి. లండన్ నుంచి సిడ్నీకి తిన్నగా 17,000 కిలోమీటర్ల చిల్లర. సింగపూర్ మీదుగా వెళ్తే దాదాపు 10,880, ఆపైన 6,300. ఒక్క శాతం మాత్రమే ఎక్కువ. దుబాయ్ మీదుగా మూడు శాతం ఎక్కువ. లాస్ ఏంజెలిస్ మీదుగా అయితే 20,800, అంటే 22 శాతం చుట్టు. టికెట్టు చవగ్గా వస్తోందంటే ముందు ఈ లెక్క వేయండి. ఆ చుట్టు అంతా మీరు సీటులో కూర్చుని తీర్చాల్సిందే.

దారి మీదే ఉన్న ఊళ్లో ఆగినా సమయం మాత్రం పెరుగుతుంది. మళ్లీ దిగడం, ఎక్కడం, పాకడం కలిపి నలభై నిమిషాలు ఇంకోసారి వేయాలి, దానిపైన నేల మీద వేచి ఉండేసేపు. కనెక్షన్‌కి కనీస సమయం ఒక్కో విమానాశ్రయానికి ఒక్కోలా ఉంటుంది. ఒకే టికెట్టు మీద ఉంటే సంస్థ దాన్ని చూసుకునే అమ్ముతుంది. మొదటి విమానం ఆలస్యమైతే తర్వాతి దాంట్లో ఎక్కించే బాధ్యత వాళ్లది. విడివిడి టికెట్లు కొంటే ఆ పూచీ ఎవరూ పడరు. లగేజీ తీసుకుని, మళ్లీ చెక్-ఇన్ చేసి, ఆ దేశం వీసా అవసరమైతే అది కూడా చూసుకోవాలి. అమెరికాలోకి అయితే ఒకే టికెట్టు ఉన్నా మొదట దిగిన ఊళ్లోనే మామూలుగా ఇమిగ్రేషన్ పూర్తి చేసి, లగేజీ తీసుకుని మళ్లీ అప్పగించాలి. విడి టికెట్ల మీద నాలుగు గంటల కంటే తక్కువ విరామాన్ని నేను ఎవరికీ సిఫార్సు చేయను. నరిటాలో దిగి హనేడాలో ఎక్కాలంటే అదీ చాలదు.

చివరిగా, మిమ్మల్ని తీసుకెళ్లడానికి విమానాశ్రయానికి వచ్చేవాళ్లకి "పద్నాలుగు గంటల ప్రయాణం" అని చెప్పకండి. విమానం నంబరు, దిగే ఊళ్లో తేదీ, అక్కడి టైము, టెర్మినల్ పంపండి. ఆ నంబరు పెట్టుకుని విమానం ఎక్కడుందో వాళ్లే చూసుకుంటారు. విమానం దిగిన టైముకి గంట కలిపి రమ్మనండి, చెక్-ఇన్ లగేజీ లేకపోతే అరగంట.